బళ్ళారి సంబంధం

ఎమ్మిగనూరు దాటాక ఉన్న తోట ఇంటికి సుప్రీత ప్రతి శనివారం ఆదోని నుంచి వచ్చి, అత్తకు పనుల్లో సాయం చేసి, ఆదివారం సాయంత్రం వెళ్లేది. భర్త ప్రాణేశ్ చనిపోయి రెండేళ్లయినా రావడం మానలేదు. ఆ ఆదివారం ఇద్దరూ టమాటాలు కోస్తున్నారు.

"వచ్చే శనివారం ఆ మెంతి మడిలో కలుపు తీస్తా అత్తా."

"వద్దమ్మా. ఆ పొద్దు నిన్ను సూసేకి బళ్ళారి నుంచి వస్తాండారు. మీ నాయన సెప్పలేదా?"

"సెప్పినాడు. నేను ఒప్పుకోలేదు. మీకు ఏ మొగం పెట్టుకోని సెప్పేది?"

"ఆ సంబంధం ఎతికింది నేనే."

సుప్రీత చేతిలో టమాటాను బుట్టలో పడేసి అత్త వైపు తిరిగింది.

"నన్ను ఎల్లగొడతాండారా అత్తా?"

"నీకింకా ముప్పై రాలేదు. పిల్లోడు మంచోడు. నేనే పోయి మాట్లాడినా, ప్రాణేశ్ గురించి అంతా సెప్పినా."

"మరి ఈడ మీకెవరున్నారు?"

"తెల్లారితే నీళ్లు కట్టల్ల, కాయలు తెంపల్ల. పొద్దు పోతాది."

"పెండ్లయినా శనివారం శనివారం వస్తా."

"రావద్దు తల్లీ. నువ్వు బస్సు దిగినప్పుడల్లా, నీ ఎనకాలే నా కొడుకూ దిగుతాడేమో అని సూస్తాండా."

సుప్రీత వచ్చి అత్త పక్కనే మట్టిలో కూర్చుంది. "వాళ్లను రమ్మని సెప్పండి," అంది.