మేఘం కూర్చున్న కుర్చీ

ఆ బుధవారం సాయంత్రం ఆరున్నరకి బాబాయి ఆఫీసు నుంచి వచ్చి, చేతిసంచీ తలుపు వెనక మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని తిన్నగా అరుగు మీదకి వెళ్ళిపోయాడు. రోజూ సంచీ పిన్ని చేతికిచ్చే మనిషి. టిఫిన్ డబ్బా తీద్దామని పిన్ని అందులో చెయ్యి పెడితే, డబ్బా పక్కన ఆయన కుర్చీ మెత్త తగిలింది. ఆఫీసు ముందు హాల్లో, వచ్చేపోయేవాళ్ళని పలకరించే బల్ల వెనక, ఏళ్ళ తరబడి ఆయన కింద నలిగి అట్టముక్క అయిపోయిన మెత్త. అది ఇంటికి రావడం అదే మొదలు. ఆ బల్ల తీసేసి అక్కడ మనుషుల్ని పలకరించే కంప్యూటరు తెర పెడతారని కొన్నాళ్ళుగా వింటూనే ఉంది. మెత్తని సంచీలోనే ఉంచేసి, మనసులో దేవుడికి దణ్ణం పెట్టుకుని, టీ గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది.

అప్పటికే అరుగు నిండింది. నిండడమంటే పక్కింటి టైలరు, ఎదురింటి బస్సు డ్రైవరు, గోడకి ఆనుకుని నాయనమ్మ. బాబాయికి ఆ ముగ్గురే ముప్పైమంది పెట్టు.

"ఆ తెర ప్లాను నాదేననుకోండి," అంటున్నాడు బాబాయి. "గొప్పకి చెప్పట్లేదు. డిజైను చేసే అమ్మాయిలిద్దరు వచ్చి, మొదటి మాట 'స్వాగతం' అని పెడదామా అనడిగారు. స్వాగతం అని నోటితో ఎవరైనా అంటారటమ్మా, అది గుడ్డ మీద రాసి కట్టే మాట, మనిషి కనబడితే 'రండి రండి' అనాలి అన్నాను. రాసుకున్నారు."

అంతవరకు నిజమేనని పిన్నికి తెలుసు. ఆయన కట్టే మేడకి మొదటి మెట్టు ఎప్పుడూ రాయే. ఆపైనంతా గాలి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇవాళ పరీక్షకి నిలబెట్టాం. ముట్టుకుంటే పలికే తెరలు ఊరంతా ఉన్నాయి, మాది ముట్టుకుందామని మనసులో అనుకుంటే చాలు. మేనేజరు అలా అడుగుపెట్టాడో లేదో, 'రండి సార్, జలుబు తగ్గిందా' అంది. ఆయన జలుబు సంగతి ఇంట్లోవాళ్ళకే తెలీదు. ఆయన వెనకే ఒక దొంగ వచ్చాడు, కోటు గీటు వేసుకుని. తెర వాణ్ణి ఎగాదిగా చూసి, 'రండి బాబూ, మీ అమ్మగారు మీకోసం తినకుండా కూర్చున్నారు' అంది. వాడక్కడే కూలబడి ఏడ్చి, పక్క ఆఫీసులో ఎత్తుకొచ్చినవి కూడా మాకే ఇచ్చేశాడు."

"పక్క ఆఫీసువి మీకెందుకు బావగారూ?" అన్నాడు టైలరు.

"మర్యాద మా దగ్గర దొరికింది గనక. ఆపైన విను. వీధిలో పోయేవాళ్ళు ఆ పిలుపు విని, పనున్నా లేకపోయినా లోపలికి రావడం మొదలెట్టారు. బస్సుస్టాపులో పురుగు లేదు."

"అదా సంగతి," అన్నాడు డ్రైవరు. "మధ్యాహ్నం నా బండి ఖాళీగా పోతుంటే నా మొహం చూసి ఎక్కట్లేదనుకున్నాను."

ఇంక బాబాయిని పట్టేవాళ్ళెవరు? ఆకాశంలో ఓ మేఘం తన దారిన తను పోతోందట. తెర అద్దాల తలుపులోంచి దాన్ని చూసి, రండి రండి, ఎండన పడి వచ్చారు, అందట.

"మేఘం వెనక్కి తిరిగి చూసింది, నన్నేనా అని. పాపం, దాన్ని కూర్చోమన్నవాళ్ళెవరు? అందరూ కురువు, లేకపోతే పో అనేవాళ్ళే. మెల్లిగా దిగింది. గుమ్మం దగ్గర పట్టా మీద కాళ్ళు తుడుచుకుంది."

"మేఘానికి కాళ్ళా?"

"తడికాళ్ళు. అందుకేగా తుడుచుకుంది. లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, తెర కుర్చీ చూపిస్తే ఒద్దిగ్గా కూర్చుంది."

నాయనమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఏ కుర్చీరా?"

"నాదేనమ్మా."

"నీ కుర్చీలో మేఘం కూర్చుంటే, మరి నువ్వెక్కడ కూర్చున్నావు?"

పాపం, ఆవిడకేమీ తెలీదు. కొడుకు కాళ్ళు నొప్పెట్టి ఉంటాయని అడిగింది. బాబాయి ఖాళీ గ్లాసు పైకెత్తి తాగబోయి, దించాడు. పిన్ని ఆయన వంక చూడకుండా తలుపు వంక చూసింది.

"నిలబడ్డానమ్మా," అన్నాడు చివరికి. "రేపు పదింటికి ప్లాను ఖాయం చేస్తారు. బల్ల తీసేస్తారు. నేనెక్కడుండాలో ఆ ప్లానులో లేదు."

టైలరూ డ్రైవరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయనమ్మ మటుకు ఇంకా కథలోనే ఉంది.

"మేఘం లేచి వెళ్ళేటప్పుడు మీ తెర ఏమంది?"

బాబాయి ఆలోచించాడు. ఈసారి మేడ కట్టడానికి గాలి అందలేదు. "ఏమీ అనదు. రండి ఒక్కటే పెట్టాం. 'వెళ్ళిరండి' ఎవరికీ గుర్తు రాలేదు."

"నీక్కూడానా?"

"నాక్కూడానే."

"ఆ మాట అనడానికి ఓ మనిషిని ఉంచమని అడుగు. బల్ల లేకపోతే పోయె, తలుపు పక్కన ఒక్క కుర్చీ పట్టదూ?"

పిన్ని లేచి లోపలికెళ్ళి ఆ మెత్త తెచ్చి టైలరు ఒళ్ళో పెట్టింది. "అన్నయ్యగారూ, దీనికి కొత్త గలీబు కావాలి. ఆయన ఆఫీసుకి వెళ్ళేలోపు."

టైలరు దాన్ని తిరగేసి చూశాడు. "ఇందులో దూదికంటే బావగారి కబుర్లే ఎక్కువున్నాయమ్మా," అన్నాడు గానీ, చంకలో పెట్టుకునే వెళ్ళాడు.

తెల్లారేసరికి నీలం చారల గలీబుతో వచ్చింది మెత్త. నాయనమ్మ తన తలగడ కుట్టు విప్పించి గుప్పెడు దూది అందులో కూరించింది. రోజూ ఆయన వెళ్తానంటే ఎక్కడివాళ్ళక్కడే ఊఁ అనేవాళ్ళు. ఆవేళ నాయనమ్మ గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చి వెళ్ళిరా అంది. పిన్ని సంచీ అందించి వెళ్ళిరండి అంది. డ్రైవరు తన బస్సులోనే ఎక్కించుకుంటానని ముందే నడిచాడు.

బాబాయి మలుపు దాకా వెళ్ళాక, టైలరు తన కొట్లోంచి తల బయటపెట్టి కేకేశాడు. "బావగారూ, ఆ మేఘం మళ్ళీ వస్తే ఇంకో కుర్చీ వెయ్యండి. కొత్త గుడ్డ, తడిస్తే రంగు దిగుతుంది."