తోడేలు ముందు వెళ్లాలి

మేడ మీద గది, కంప్యూటరు, మంచం. తమ్ముడి కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. అందుకని ఇవాళ మౌస్ అన్న చేతిలో పడింది. అన్న ఈ ఆట ఎన్నడూ ఆడినవాడు కాడు, ఓపిక అసలే లేనివాడు.

"అలా కాదన్నా. ముందు తోడేలు వెళ్లాలి. నువ్వు స్తంభం వెనకే ఉండు."

"ఉన్నాన్రా. ఇక్కణ్ణించి నేనేం కొడతాను?"

"నీకు కొట్టే పని లేదు. నీది పిలిచే పని, కొట్టేది అది. రాక్షసుడి మీద నొక్కి వదులు."

"వదిలా. అబ్బో, పీక పట్టేసిందిరా. ఎలా ఈడుస్తోందో చూడు. గోడంతా నెత్తురే."

"చూస్తూ కూర్చోకు. దాని నెత్తి మీద పచ్చగీత చూడు, సగానికొచ్చింది. హీల్ చెయ్, ప్రాణం నిండుతుంది."

"బాగానే కరుస్తోందిగా, ఇప్పుడెందుకు?"

"వాడి దెబ్బలన్నీ అదే తింటోంది కాబట్టి. మూడో బటన్ నొక్కు."

"అది నాకనుకున్నా."

"నీ గీత నిండుగానే ఉందన్నా. నీకు గోరు కూడా తగల్లేదు."

"ఒరేయ్, వాడు గొడ్డలెత్తాడు."

"వెనక్కి పిలువు."

"ఇంకొక్క కాటు. ఒక్కటి."

"పిలువన్నా, పిలువు."

"పోయింది. నడుం దగ్గర రెండు ముక్కలు చేసేశాడు. సర్లే, ఇంకోటి వస్తుందిగా?"

"వస్తుంది. పిలిచినప్పుడల్లా వస్తుంది."

"మరింకేం? దానికి ఏడుపు మొహమెందుకు?"

"ఇన్నేళ్లుగా ఆడుతున్నా, దాన్ని చావనిచ్చింది తక్కువ. అది బతికుండగా గెలిస్తేనే పిలిచేవాడికి పరువు."

"పరువంట పరువు. ఇదిగో, రెండోది. పోవే, కరువు. కళ్లు పీకెయ్."

"మరీ తొందరన్నా. వాడు అటు తిరిగినప్పుడు పంపాలి."

"నువ్వాగు. అన్నట్టు చెయ్యెలా ఉంది?"

"లాగుతోంది. లోపల ప్లేటు వెయ్యాలన్నాడు డాక్టరు. ఎలా విరిగిందని అడిగాడు."

"ఏం చెప్పావ్?"

"మెట్ల మీద పడ్డానన్నాను."

"మంచిపని చేశావ్. దిండు సరిచెయ్యనా? జ్యూస్ తాగవేం?"

"ఇందాకట్నించీ జ్యూసంటావు, దిండంటావు, నా ఆట ఆడిపెడతానంటావు. సంగతేంటన్నా?"

"సంగతుంటేనే తమ్ముడి పక్కన కూర్చోవాలా?"

"ఎప్పుడూ కూర్చోలేదుగా."

"ఇదీ చచ్చింది. దాని పేగులు మెట్ల మీద పడ్డాయ్. మూడోది పిలుస్తున్నా. వాడు మోకాళ్ల మీదకొచ్చాడ్రా, ఇంక అయిపోయాడు."

"అన్నా, సంగతి చెప్పు."

"ఆ డ్రైవరున్నాడే. మన స్టాండులో వ్యాను పెట్టినోడు."

"ఊఁ."

"పోయాడ్రా. ఆస్పత్రిలో, రాత్రి."

"తెలుసు."

"నీకెవరు చెప్పారు?"

"తల అలా పగిలాక బతుకుతాడా ఎవడైనా? వ్యాను తియ్యమన్నావు, తీశాడు. తీశాక కొట్టావు."

"నోరు చేశాడు."

"నీ కాళ్లు పట్టుకున్నాడు. మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాను, దాని మీద కూడా వేశావు రాడ్డు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది, నీకు వినపడలేదా?"

"నిన్నెవడు అడ్డం పెట్టమన్నాడు? ఆఁ, పడ్డాడు రాక్షసుడు. చూశావా, గెలిచాం. మూడు తోడేళ్లు పోతే పోయాయి, నా ఒంటి మీద గీతైనా లేదు."

"లేదు."

"ఇటు చూడు. పోలీసులు ఇవాళో రేపో వస్తారు. నువ్వు కొట్టావని ఒప్పుకో."

"నేనా?"

"నీకు పెళ్లామా పిల్లలా? చిన్నవాడివి, కోపంలో చేశానంటే తక్కువేస్తారు. మంచి లాయర్ని పెడతా. వచ్చాక స్టాండు నీదే."

"వాడికి కూతురుందన్నా. ఆస్పత్రి గుమ్మంలో చూశాను."

"వాడి సంగతి నాకెందుకు? నా మాటకి సరేనంటావా లేదా?"

"చెయ్యొదులు. కట్టు మీద పట్టుకోకు."

"సరేనను."

"నొప్పన్నా. ఎముక కదిలిపోతుంది. నొప్పి."

"అంటావా లేదా? ఇంకో చెయ్యి కూడా విరిచేస్తా, ఏమనుకున్నావో. చిన్నప్పట్నించీ ఏది చెప్పినా చేశావ్, ఇప్పుడేమొచ్చింది నీకు?"

"చేశాను కదా, అందుకే వాడు చచ్చాడు. వ్యాను తీసి వెళ్లిపోతుంటే తాళం లాక్కున్నది నేనే. నిద్ర పట్టట్లేదన్నా నాకు."

"నా కోసం కాదురా. మీ వదినా పాపా రోడ్డున పడతారు. వాళ్ల మొహం చూసైనా ఒప్పుకో."

"వదినకి చెప్పావా?"

"దానికా? ఒక్క ముక్క తెలీదు. తెలియనివ్వను కూడా. అదేంటి, కింద బండి ఆగింది. పాపని తీసుకుని మీ వదిన వచ్చినట్టుంది."

"వదిన రాదన్నా. వాళ్లమ్మ వాళ్లింటికెళ్లింది."

"నాతో చెప్పకుండానా? మరి మెట్ల మీద ఆ బూట్ల చప్పుడేంటి? ఒరేయ్, నువ్వేమైనా వాగావా?"

"వాగాను. నువ్వు లేవకముందే స్టేషన్‌కి వెళ్లొచ్చాను."

"ఈ చేత్తో బండెలా నడిపావురా?"

"నడిపింది వదిన. నువ్వు కడిగి మంచం కింద దాచిన రాడ్డు కూడా తనే వాళ్ల చేతికిచ్చింది."