తిప్పిన కార్డు

అలా బట్టలు మడత పెట్టుకుంటూ కూర్చుంటే ఎలా పిన్నీ? గంట నుంచి నేనొక్కదాన్నే వాగుతున్నాను. ఉద్యోగం వద్దనుకుంటే, ఆ మాటేదో నోటితో చెప్పొచ్చుగా. ఆఫీసు తాళాలు కవర్లో పెట్టి వాచ్‌మన్‌తో పంపిస్తావా? సొంత అక్క కూతుర్ని, నాతో కూడా అంతేనా?

సరే, మాట్లాడకు. నేనే చెబుతాను.

ఆఫీసుకి కొత్త ఫోను పెట్టె వచ్చింది. నిన్ననే బిగించారు. అవతల మనిషి ఎత్తకపోతే ఎర్ర దీపం, మన లైను దొరక్కపోతే పసుపు దీపం. రెండేళ్లుగా నువ్వు మొత్తుకున్నది దానికోసమేగా. అందరూ చుట్టూ నిలబడి చూశారు. ఆ కాసేపూ నీ కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

నీకు గుర్తుందా, ఆ గోడ మీటింగు? ఈ ఏడు ఏం కొనాలో ఒక్కో చీటీ మీద రాసి గోడకి అంటించాం. వెబ్‌సైటు, రెండు కంప్యూటర్లు, మీటింగు గదికి పెద్ద తెర, ఫోను పెట్టె. కమిటీలో మనిషికి మూడు ఎర్ర చుక్కలు. ఏది ముఖ్యమనుకుంటే దాని మీద అంటించాలి. నీకు చుక్కలివ్వలేదు. కమిటీలో లేవుగా మరి. పొద్దున్నే ఒంటరిగా ఉండే తొంభై మంది ముసలివాళ్లకి ఫోన్ చేసి బాగున్నారా అని అడిగేది నువ్వు, చుక్కలేమో మాకు.

నీ చీటీ మీద ఏం రాశావో తెలుసా? "ఈ పెట్టె అబద్ధం చెబుతోంది" అని. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

నువ్వేమో ఊరికే రాయలేదు. నా ఎదురుగానే కూర్చుని నా సెల్‌కి చేసి చూపించావు. నా సెల్ బల్ల మీద ఖాళీగా పడుంది, నీ చెవిలో ఎంగేజ్ మోగుతోంది. మన లైన్లన్నీ నిండితే ఆ పాత పెట్టె తనే ఎంగేజ్ మోగిస్తుందని అప్పుడే తేలిపోయింది. మనకేమో మొదట్నుంచీ ఒక అలవాటు. ఎంగేజ్ వస్తే మనిషి ఎవరితోనో మాట్లాడుతున్నట్టే, క్షేమమే, బాగున్నట్టు గుర్తుగా ఆ మనిషి పేరున్న కార్డు తిప్పెయ్యడమే.

అన్నీ తెలిసి కూడా, చివరికి వెబ్‌సైటూ ఫోను పెట్టే సమానంగా వచ్చినప్పుడు, నా చేతిలో ఒక్క చుక్క మిగిలింది. వెబ్‌సైటు మీద అంటించాను. బయటికి కనిపించేది ముందు బాగుండాలి, అప్పుడే నలుగురూ సాయం చేస్తారు, పెట్టె సంగతి వచ్చే ఏడు చూద్దాం అన్నాను. బాగానే మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు.

నీళ్లు వద్దులే. కూర్చో.

ఆ మంగళవారం సంగతి చెప్పాలి. వెబ్‌సైటుకి ఫోటోలు తీస్తున్నారు. లైట్లు పెట్టారు, నాకు మొహానికి పౌడరు కూడా రాశారు. నువ్వొచ్చావు, చేతిలో డ్రాయింగు మాస్టారి కార్డు. మూడుసార్లు ఎంగేజే వచ్చిందన్నావు. పొద్దున్నే అంతసేపు మాట్లాడే మనిషి కాదాయన, నీ సెల్ నుంచి ఒక్కసారి చెయ్యమ్మా అన్నావు. బతిమాలినట్టే అన్నావు.

నేను సెల్ తీసుకుని వరండాలోకి వెళ్లాను. తిరిగొచ్చి, ఎత్తారు పిన్నీ, బాగానే ఉన్నారు, దగ్గు కొంచెం ఉందట అన్నాను. నువ్వు నవ్వి కార్డు తిప్పేశావు.

మర్నాడు కూడా ఎంగేజే. ఈసారి నువ్వు ఎవర్నీ అడగలేదు. మన దగ్గరుంచిన ఆయన ఇంటి తాళంచెవి తీసుకుని, ఆ మోకాళ్లతో మూడంతస్తులూ ఎక్కి, నువ్వే తలుపు తీశావు. నువ్వే చూశావు.

మంగళవారం తెల్లారుజామున పడిపోయారట. రాత్రి దాకా ప్రాణం ఉందన్నాడు డాక్టరు. కమిటీలో చదివి వినిపించారుగా. ఆ కాగితం చదువుతుంటే నువ్వు నా వైపు చూశావు. ఒక్కసారే. కార్డు తిప్పిందెవరు అనడిగితే, నేనే అన్నావు. ఇంకొక్క మాట అనలేదు. ఎందుకనలేదు పిన్నీ? అని ఉంటే నేను ఏడ్చి ఒప్పుకునేదాన్నేమో. ఏమో, ఒప్పుకునేదాన్ని కాదేమో కూడా.

ఆపరేటరు అశ్రద్ధ వల్ల అని మినిట్స్‌లో రాసింది ఎవరనుకున్నావు? నేనే. ఈ చేత్తోనే రాశాను.

ఆ తర్వాత వారంలో నీ చీటీ పైకొచ్చింది. అన్నిటికన్నా పైకి. ఎవరూ చుక్కలు కూడా అడగలేదు. ఒక మనిషి పోతే గానీ దానికి వంతు రాలేదు.

ఇదిగో, ఇందుకే వచ్చాను. ఆ రోజు నేను ఫోన్ చెయ్యలేదు పిన్నీ. వరండాలో అద్దం ఉంది కదా, అందులో పౌడరు సరిచూసుకున్నాను. అంతే. దగ్గు సంగతి, నమ్ముతావని కల్పించాను. ఆయనకు ఎప్పుడూ దగ్గేగా.

ఎందుకలా తల ఊపుతావు? నీకు తెలుసని నాకూ తెలుసు. ఆ చూపులోనే తెలిసిపోయింది. అయినా నోటితో చెప్పాలిగా.

కమిటీకి చెబుతావా అని అడగవేం? అడుగు. చెబుదామనే రెండుసార్లు లేచి నిలబడ్డాను. రెండుసార్లూ ఏసీ తగ్గించమని చెప్పి కూర్చున్నాను. నాకంత ధైర్యం ఉండి ఉంటే, ఆ రోజు ఫోటోగ్రాఫర్‌ని ఒక్క నిమిషం ఆగమనేదాన్ని.

మళ్లీ పనిలోకి వస్తావా? రావులే. ఆ చొక్కా ఇటివ్వు, నేను మడత పెడతాను.

నీ కుర్చీలో ఇప్పుడు పొద్దున్నే నేనే కూర్చుంటున్నాను. తొంభై మందీ ఒకటే ప్రశ్న, మీ పిన్నిగారేరి అని. నీకు ఒంట్లో బాగాలేదని చెబుతున్నాను. అందరూ నమ్ముతున్నారు. నేను ఏం చెప్పినా నమ్ముతారు పిన్నీ, అదే నా ఖర్మ.