రెండోసారి వడ్డన

వేల్స్ కొండల్లో ఉన్ని కత్తిరించే రోజున, సాయానికి వచ్చిన ఇరుగుపొరుగుకి మంద యజమానే భోజనం పెట్టాలి. అందరూ తిని వెళ్ళిపోయాక, పక్క పొలం ఆయన ఒక్కడూ వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఇడ్రిస్, ఇందాక పెట్టిన మాంసం మన కొండది కాదు కదూ?"

"ఎవరన్నారు?"

"చెత్తబుట్టలో కవరు చూశాను. న్యూజిలాండ్ అని ఉంది."

"మా ఆవిడ తెచ్చింది. సూపర్‌మార్కెట్లో చవగ్గా దొరుకుతోంది మరి."

"ఎందుకు దొరకదూ! వాళ్ళకేమో సుంకాలు తీసేసి తలుపులు బార్లా తెరిచారు. మన గొర్రెలు ఫ్రాన్సుకి పోవాలంటే మాత్రం మోపెడు కాగితాలు! యూరప్ కూటమి నుంచి బయటపడితే మన వ్యాపారం మన చేతిలోనే ఉంటుందని రోడ్డు పక్కన బోర్డు పెట్టిందెవరు? నీ మాట నమ్మి నా చేలోనూ ఒకటి పాతాను."

"నాకూ ఆ నాయకులు అలాగే చెప్పార్రా. నేనూ మోసపోయినవాణ్ణే."

"వాళ్ళ సంగతి వదిలెయ్. పొద్దుట్నుంచీ నీ గొర్రెల కోసం నా నడుం విరగ్గొట్టుకుంటే, నువ్వు నాకు పెట్టేది ఇదా?"

"మన గొర్రెని మనం కోసుకు తినే స్తోమత పోయింది, ఎమ్లిన్. అయినా తినేటప్పుడు నీకేం తెలియలేదుగా?"

"తెలియలేదు. బాగుందని అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాను. నా కడుపు మండేది అందుకేరా."