సంతకానికి వదిలిన మూల

బొమ్మల స్టూడియోలో అక్క గది. తమ్ముడు లోపలికొచ్చి తలుపు వేశాడు.

"తలుపు తీసే ఉంచు. మనం పోట్లాడుకుంటున్నామనుకుంటారు బయట."

"అనుకోనీ అక్కా. పొద్దున నీ బల్ల మీద పెట్టిన కాగితం చదివావా?"

"చదవలేదు. కూర్చో. ముందు సబ్బుల కంపెనీ సంగతి చెప్పు. అట్టపెట్టె మీదకి ఆ పూలతీగ అయిందా?"

"అయింది. ఎప్పట్లాగే కుడివైపు మూల ఖాళీ వదిలాను, నీ సంతకానికి."

"మరింకేం."

"అదే చివరిది. నేను మానేస్తున్నా. కాగితంలో రాసిందదే."

"జీతం పెంచమని నోటితో అడగొచ్చుగా. సొంత తమ్ముడివి, మన మధ్య కాగితాలేంటి?"

"జీతం కాదు."

"మరి? ఎవరు లాక్కుపోతున్నారు నిన్ను? ఎదురు వీధి స్టూడియో వాళ్ళేనా?"

"బడి. డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం."

"డ్రాయింగ్ మాస్టారా? ఏనుగులూ గుడిసెలూ గీయిస్తావా?"

"గీయిస్తా. కింద ఎవరి పేరు వాళ్ళే రాసుకుంటారు."

"ఓహో. అదా సంగతి. ఎన్నాళ్ళ నుంచి కడుపులో పెట్టుకున్నావ్?"

"నాలుగేళ్ళు. నీకు తీరిక లేదని ఒక లేబులు గీసిపెట్టమన్నావు చూడు. 'నా గీతలాగే గియ్యరా, ఎవరికీ తెలీదు' అని. అప్పట్నుంచి."

"వ్యాపారం పెరగొద్దా? ఇద్దరం మొదలెట్టాం, ఇరవైఆరుమందిమి అయ్యాం. ఎవరో ఒకరు తిరగాలి, మాట్లాడాలి, ఏడుపొస్తున్నా నవ్వాలి. ఆ పని నేను నెత్తినేసుకున్నా. సరదాకా?"

"సరదాకని నేననలేదు."

"నా చేతి బొమ్మ అని వస్తార్రా జనం. మన దగ్గరున్న సరుకు అదొక్కటే. దాని మీద నీ పేరు పెడితే..."

"పెడితే?"

"తర్వాత పెడదామనుకున్నా."

"మొన్న అమ్మ మన పాత సబ్బు పెట్టె ఒకటి పట్టుకుని ఏమందో తెలుసా? 'అక్క పనితనం చూడరా. ఇన్నేళ్ళు పక్కనే ఉన్నావు, కాస్త నేర్చుకోకూడదూ' అంది."

"నువ్వేమన్నావ్?"

"నేర్చుకుంటానన్నా."

"చెప్పెయ్యాల్సింది. అమ్మకేగా."

"నువ్వక్కడే ఉన్నావక్కా. టీ తాగుతున్నావ్."

"నాకు గుర్తులేదు."

"నాకుంది."

"సరే, తప్పు నాదే. కాళ్ళు పట్టుకోమంటావా? ఒక్క ఏడాది ఆగు. సబ్బులవాళ్ళు శుక్రవారం ఏడాది ఒప్పందం రాసుకుంటారు. బొమ్మలన్నీ నేనే గియ్యాలని షరతు. దాన్ని నమ్ముకునే కింద అంతస్తు కూడా తీసుకున్నా. కొత్తగా పదిమందికి రమ్మని చెప్పేశా. వాళ్ళలో ఇద్దరు ఉన్న ఉద్యోగం వదిలేసి వస్తున్నార్రా."

"అయితే నువ్వే గియ్యి."

"నాకు తీరికెక్కడ?"

"తిరగడానికి ఇంకెవర్నైనా పెట్టు. గియ్యడం నీకు కొత్తా? చిన్నప్పుడు నా చేతికి పెన్సిలిచ్చింది నువ్వే. నేను కాపీకొట్టిందీ నీ గీతనే."

"మెడనొప్పి, తెలుసుగా."

"పోయిందన్నావ్ మొన్న."

"కళ్ళజోడు మార్చాలి. దగ్గరవి ఆనడం లేదు."

"ఒక్క తీగ అక్కా. ఒక్క పూట పని. నువ్వు చిన్నప్పుడు ఇంటి గోడలన్నీ పాడుచేసింది తీగలతోనే."

"చెప్పాగా, తీరిక లేదని."

"నా మొహం చూసి చెప్పు. ఎందుకు గియ్యవు?"

"గీశాన్రా."

"ఎప్పుడు?"

"పోయిన సోమవారం. తలుపేసుకుని పొద్దున్నుంచి కూర్చుని గీశా. నీ రెండు బొమ్మల మధ్య నాదొకటి పెట్టి, మూడింటికీ సంతకం చేసి సబ్బులవాళ్ళకి పంపా. ఎంతైనా అసలు చెయ్యి నాది కదా, ముందు దాన్నే ఎంచుకుంటారనుకున్నా."

"ఏమన్నారు?"

"'నడిమిది మీ దగ్గర కొత్తగా చేరినవాళ్ళెవరో మిమ్మల్ని చూసి గీసినట్టున్నారు మేడం, మాకు మీరు గీసినవే కావాలి' అన్నారు."