మా రాగిణి జీతం మీద రెండు వాదాలు

సభాధ్యక్షులు కృష్ణమూర్తి గారికి, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, వెనక నిలబడి సమోసాల వైపే చూస్తున్న పిల్లలకు, ఈ అమెరికా ఊరు ట్రాయ్‌లో ఉన్న మనవాళ్లందరికీ యాదయ్య దండాలు. నేను ఏడో తరగతి దాకా చదివి, సిద్దిపేట డిపోలో బస్సు నడిపినవాణ్ని. నా బిడ్డ రాగిణి ఒహాయోలో ఒక యూనివర్సిటీకి ప్రెసిడెంటై, అంటే మన దగ్గర వైస్ చాన్సలర్ లెక్క, రేపు పోతున్నదని మీరంతా శాలువా కప్పుతుంటే, సంతోషంతో నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. ఈ మైకు కూడా నిలవడం లేదు, కొంచెం పట్టుకో అల్లుడా. (నవ్వులు)

సంతోషం ఎంతున్నదో అయోమయమూ అంతే ఉన్నదండీ. పోయిన వారం రాగిణి అడిగింది: "బాపూ, అక్కడి స్టూడెంట్స్ నా జీతం ఎక్కువని బోర్డులు పట్టుకొని నిలబడ్డరు. ఫీజులు పెంచుకుంట ప్రెసిడెంటుకు అంత ఎందుకంటున్నరు. నువ్వు చెప్పు, తీసుకునుడు న్యాయమేనా?" సన్మాన సభలో చెప్తాను అన్నాను, ఆలోచించుకోవడానికి టైము దొరుకుతుందని. టైము దొరికింది గాని జవాబు దొరకలేదు.

ఎందుకంటే, సమ్మె రోజుల్లో డిపో గేటు మీటింగులో పెద్దాఫీసర్ల జీతాలు తగ్గించాలని అందరికంటే గట్టిగా అరిచింది ఈ గొంతే. అది తప్పని ఇప్పటికీ అనను. మా ఆవిడ ఇక చాలంటున్నది. బాలమణీ, ఆ సైగలు ఆపు, చెప్పనీ. మరి ఇవాళ నా బిడ్డే పెద్దాఫీసరాయె. నేను గేటుకు ఏ పక్క నిలబడాలి?

సరే, చదువుకునే పిల్ల ఏమంటుందో విందామని మొన్న శనివారం మనుమరాలు రిషిత డిబేట్ పోటీకి పోయాను. అక్కడా ఇదే ముచ్చట, యూనివర్సిటీ ప్రెసిడెంట్లకు అంతంత జీతాలు తగునా అని. మా పిల్ల తల్లి వైపే మాట్లాడుతుందని ఇస్త్రీ చొక్కా వేసుకొని ముందు కుర్చీలో కూర్చున్నాను. మా అల్లుడు ఉమాకాంత్ చెవిలో తెలుగు చేసి చెప్తున్నాడు. రిషిత లేవడం లేవడమే "తగదు" అన్నది! పాఠాలు చెప్పే సార్లు జీతం చాలక రెండు కాలేజీల మధ్య ఉరుకుతుంటే, ఒక్క మనిషికి బంగళా ఎందుకు, కారెందుకు అని నవ్వుకుంటూ దులిపేసింది. నేను ఆగలేకపోయాను. లేచి, "అమ్మను గట్లంటవా? కూసో!" అన్నాను. జడ్జిగారు ఎంతో మర్యాదగా నన్ను బయటికి పంపించారు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లెందుకయ్యా దానికి!

మధ్యాహ్నం పిజ్జా తెచ్చిస్తే ముట్టలేదు నేను.

"తాతా, అది నా ఒపీనియన్ కాదు. కాయిన్ టాస్ చేస్తారు. ఏ సైడ్ వస్తే ఆ సైడ్ మాట్లాడాలి."

"పైస ఎగరేస్తే అమ్మను తిడతవా బిడ్డా?"

"నెక్స్ట్ రౌండ్ చూడు, ప్లీజ్. కానీ అరవొద్దు."

తరవాతి రౌండ్లో ఆ పిల్లకు "తగును" అన్న వైపు వచ్చింది. ఇక నాకు పండగే అనుకున్నాను. రిషిత ఏం చెప్పిందో చెప్తాను, రాగిణీ, ఆ రోజు నీకు మీటింగుండి రాలేకపోతివి గనక విను. ఆ కొలువులో ఉన్నవాళ్లకు ఆఫీసు మూసే వేళంటూ ఉండదన్నది. అన్నం ముందు కూర్చుంటే ఫోను, పుట్టినరోజు కేకు కోస్తుంటే ఫోను, ఇంట్లోవాళ్లు చెప్తున్న మాట సగంలోనే ఆగిపోతుంది, ఆ జీతమిచ్చేది దానికేనన్నది. అని, తనే సగంలో ఆగి కళ్లు తుడుచుకున్నది. అల్లుడు కూడా నా చెవిలో చెప్పడం ఆపేశాడు.

రెండు రౌండ్లూ గెలిచింది. పొద్దున తల్లికి ఎదురు మాట్లాడుతూ నవ్విన పిల్ల, సాయంత్రం తల్లి వైపు మాట్లాడుతూ ఎందుకు ఏడవాలి? ఇందులో ఏది తిట్టు, ఏది పొగడ్త? స్కూలు చదువు అయ్యేదాకా ఆ పిల్ల ఇక్కడే తండ్రి దగ్గర ఉంటుంది, తల్లి అక్కడ. పైస లేకుండా నీ సొంత మాట చెప్పు బిడ్డా, అమ్మ పోవాల్నా వద్దా అని కారులో అడిగితే అద్దంలోంచి బయటికి చూసింది. రిషితా, తల దించుకోకు. ఆ మాట వినకుండా నా బిడ్డ రేపు బండెట్లా ఎక్కుతుంది అన్నదే నా బాధ.

(రాగిణి ఫోను మోగింది)

చూశారా! ఒహాయో వాళ్లేనా? ఆపేస్తున్నవా బిడ్డా? అరె, రిషిత లేచింది. ఏందమ్మా? గట్టిగా చెప్పు, అందరూ వింటరు.

"ఆపొద్దమ్మా. ఎత్తు. శాలువా నేను పట్టుకుంటా. బట్ కమ్ బ్యాక్, ఓకే?"

(చప్పట్లు)

అధ్యక్షా, విన్నారు కదా. ఈసారి పైస ఎవరూ ఎగరెయ్యలేదు.

జీతం సంగతి నాకింకా తేలలేదండీ. రాగిణీ, ఆ బోర్డులు పట్టుకున్న పిల్లల దగ్గరికి ముందు నువ్వే పో, వాళ్ల మాట మొత్తం విను. ఇంతకంటే చెప్పడం నా వల్ల కాదు. పో, మాట్లాడి రా.

ఇంత ప్రేమ చూపిన మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. ఒక్క కోరిక. భోజనాలు తయారైనయని వాసనొస్తున్నది గాని, నా బిడ్డ ఫోను మాట్లాడి లోపలికి వచ్చేదాకా ఎవరూ ప్లేటు పట్టొద్దు. అదిగో, శాలువా పట్టుకొని తలుపు దగ్గర రిషిత నిలబడే ఉన్నది. నేనూ పోయి ఆ పిల్ల పక్కన నిలబడతాను. సెలవు.