రంగు దిగేదాకా

చీకటి గదిలో, రంగు పట్టించిన మొక్క వేరుని మైక్రోస్కోపులో చూస్తూ ప్రొఫెసర్. నల్ల తెరకి ఇవతల, ఆయన ఫోను చేతిలో పట్టుకుని, ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి.

"ఇంకా ఎర్రగానే ఉంది! గాలి ఆపేసి ఇంతసేపైనా, చెక్కు చెదర్లేదు!"

"మంచిదే కదా సార్."

"ఫోనేమన్నా మోగిందా?"

"వేరు మీంచి కన్ను తియ్యకండి సార్. రంగు దిగే క్షణం తప్పిపోతే మళ్లీ మొదటికొస్తాం."

"అదీ నిజమే. మీ మేడమ్‌కి చిన్న ఆపరేషనే, భయం లేదన్నాడు డాక్టరు. తనే, పక్కనుండమని ఒకటే గోల. నేనుండి ఏం చేస్తాను, కత్తి పడతానా?"

"బాబు ఉన్నాడుగా సార్ అక్కడ."

"కొడుకున్నాడులే. సరే, చెప్పు చూద్దాం. ఊపిరాడని వేరు ఇంకా ఎర్రగా ఎలా ఉంది?"

"కణాల్లో రిక్తికలు, ఆ నీటి సంచులు, ఇంకా పులుపు వదల్లేదు సార్. పులుపున్నంతసేపూ రంగు ఎరుపే. గాలి లేక, వాటిలోకి పులుపు తోడే పెద్ద పంపుకి ఇంధనం చాలదు. అప్పుడు రెండోది అందుకుంటుంది. మిగతా పనుల్లో మిగిలిన చెత్తతో నడుస్తుంది."

"శభాష్! చెత్తతో! మొండి ఘటం... ఇదిగో, ఏదో మోగినట్టుంది?"

"ఎర్రగానే ఉందా సార్?"

"ఉంది, ఉంది. మోగిందా అంటుంటే?"

"రంగు దిగేదాకా, కొంప మునిగినా ఫోను మాటెత్తకూడదు. మీ రూలే కదా సార్."

"అవుననుకో..."

"మా నాన్న పోయిన రోజు నేను లోపలున్నాను. నా ఫోను మీ చేతిలో ఉంది."

"మళ్లీ అదేనా? పోయినేడాది సంగతి! అప్పుడే చెప్పుంటే చెయ్యి వణికి ఫొటోలన్నీ తగలేసేదానివి. పోయిన మనిషి ఎక్కడికి పోతాడు? సాయంత్రం వెళ్లి చూశావుగా."

"చూడలేదు సార్. అప్పటికే తీసుకెళ్లిపోయారు."

"అయ్యో... ఆగు ఆగు! పల్చబడుతోంది! రెండో పంపూ ఆగింది. చెత్త కూడా అయిపోయింది పాపం. పోయింది... పోయింది! రాసుకో!"

"రాసుకున్నాను సార్."

"ఫొటోలు అద్దంలా వచ్చాయి! ఈ వయసులో కూడా చెయ్యి ఇసుమంత కదల్లేదు, చూడు!"

"అందుకే చెప్పలేదు సార్. లోపలికి తీసుకెళ్లే ముందు మీ గొంతు ఒక్కసారి వినాలని మేడమ్ ఫోను చేశారు. ఇందాక బాబు చేశాడు, ఏడుస్తూ."